సౌండు పాసైందా?

ఒకే కంపెనీ, ఒకే మోడల్, ఒకే ధర. అయినా ఒక పీసులో సౌండు నిండుగా, ఇంకో పీసులో కాస్త తగ్గి వినిపిస్తుంది. ఫ్యాక్టరీలో కొలిచి, ‘క్యూసీ పాస్’ ముద్ర వేసి పంపిన వస్తువుల్లో ఈ తేడా ఎక్కడి నుంచి వస్తోంది? కొలిచిన ఆ అంకె కొన్నవాళ్ల దాకా ఎందుకు రావడం లేదు?

“ఒక చెవిలో తక్కువ వినిపిస్తోందండీ.”

ఇయర్‌బడ్స్ డబ్బా పట్టుకుని సర్వీస్ సెంటర్‌కి వెళ్లే చాలామంది చెప్పే మాట ఇది. స్క్రీన్ పగిలితే చూపించొచ్చు. బ్యాటరీ దిగిపోతుంటే శాతం అంకే సాక్ష్యం. సౌండు తగ్గిందని రుజువు చేయడానికి మాత్రం మన చేతిలో ఏమీ ఉండదు. కౌంటర్ అవతలి కుర్రాడు బడ్స్ తుడిచి, తన ఫోన్‌కి కలుపుకొని, ఓ పాట విని, “బాగానే వస్తోంది కదా సార్” అంటాడు. అతను అబద్ధమాడడు. అతని చెవికి బాగానే వినిపించి ఉంటుంది. మన చెవికి తక్కువ వినిపించిందీ నిజమే. ఇద్దరి మధ్యా తీర్పు చెప్పే మీటరు ఆ కౌంటర్ మీద లేదు.

మంచి కంపెనీ సరుకైతే ఆ బడ్స్‌ని ఒక మీటరు అప్పటికే కొలిచి ఉంటుంది. ఎడమది ఎంత, కుడిది ఎంత, రెండింటికీ తేడా ఎంత అన్నది డెసిబెల్‌లో పదో వంతు దాకా లెక్కగట్టి, సీరియల్ నంబరు పక్కన రాసుకునే ఫ్యాక్టరీలు ఉన్నాయి. ఆ అంకె డబ్బా మీదికి రాదు, వారంటీ కార్డులోకి రాదు, సర్వీస్ సెంటర్‌కీ చేరదు. నాకు బాధ కలిగించేది ఇదే. కొలవలేని విషయమైతే సర్దుకుపోవచ్చు. కొలిచి దాచిపెట్టిన దానికి సర్దుకుపోవడం ఎందుకు?

ఫోన్‌తో పాటే పుట్టిన కొలత

సౌండు కొలత గొడవ బడ్స్ కంటే చాలా పాతది. 1920లలో అమెరికాలో బెల్ టెలిఫోన్ ఇంజినీర్లకు ఇదే తలనొప్పి. దగ్గర ఊరికి చేసిన ఫోన్‌లో గొంతు గట్టిగా వస్తుంది, దూరం పెరిగేకొద్దీ నీరసించిపోతుంది. ఎంత నీరసించిందో చెప్పడానికి వాళ్లు ‘ఒక మైలు స్టాండర్డ్ కేబుల్’ అనే లెక్క వాడేవారు. మైలు పొడవు ప్రామాణిక తీగ దాటేసరికి గొంతు ఎంత తగ్గుతుందో అది ఒక యూనిట్. ఆ తగ్గుదల, మనిషి చెవి పసిగట్టగల అతి చిన్న తేడాకు దాదాపు సమానంగా ఉండటం ఆ లెక్కకు కలిసొచ్చింది. 1924లో దాని స్థానంలో ‘ట్రాన్స్‌మిషన్ యూనిట్’ వచ్చింది. మరి నాలుగైదేళ్లకే అలెగ్జాండర్ గ్రాహం బెల్ పేరు కలిపి దాన్ని డెసిబెల్ అన్నారు.

అదే 1924లో, మే 16న, బెల్ సంస్థకు ఫోన్లు తయారుచేసి పెట్టే వెస్ట్రన్ ఎలక్ట్రిక్‌లో వాల్టర్ షూహార్ట్ అనే యువ శాస్త్రవేత్త తన పై అధికారికి ఓ మెమో రాశాడు. పేజీ కూడా నిండని ఆ కాగితం మీద ఒక గ్రాఫ్ గీసి చూపించాడు. ఏ రెండు పీసులూ అచ్చం ఒకేలా రావు. ఆ తేడాల్లో ఏది రోజూ ఉండేదే, ఏది యంత్రంలోనో ముడిసరుకులోనో కొత్తగా వచ్చిపడిన లోపం అన్నది కనిపెట్టడానికి ఆ గ్రాఫ్ ఒక దారి. నేడు ప్రపంచంలో ఏ ఫ్యాక్టరీలో క్వాలిటీ విభాగానికి వెళ్లినా గోడ మీదో స్క్రీన్ మీదో కనిపించే కంట్రోల్ చార్టుకు మూలం అదే. షూహార్ట్ 1947–48 చలికాలంలో మన దేశం వచ్చాడు. మహలనోబిస్ స్థాపించిన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌తో కలిసి ఇక్కడి పరిశ్రమలకు ఈ పద్ధతి పరిచయం చేశాడు. ఆ సంస్థ క్వాలిటీ కంట్రోల్ విభాగం హైదరాబాద్‌లో హబ్సిగూడలోనూ ఉంది.

ఇక 1933లో, అదే బెల్ ప్రయోగశాలల్లో హార్వీ ఫ్లెచర్, వైల్డెన్ మన్సన్ కలిసి చెవి గుట్టు బయటపెట్టారు. చెవి అన్ని స్వరాలనూ ఒకే తీరున వినదు. సౌండు తగ్గించే కొద్దీ మంద్ర స్వరాలు ముందుగా మాయమవుతాయి. పాత టేప్‌రికార్డర్ల మీద ‘లౌడ్‌నెస్’ అని ఒక బటన్ ఉండేది, గుర్తుందా? రాత్రిపూట చిన్నగా పెట్టుకున్నప్పుడు అది నొక్కితే పాటకు మళ్లీ నిండుదనం వచ్చేది. తగ్గిపోయిన బేస్‌ను తిరిగి పెంచడమే దాని పని. ఆ బటన్ వెనక ఉన్నది ఈ ఇద్దరి గ్రాఫే.

చెవిని ఏమార్చే చిన్న తేడా

డెసిబెల్ లెక్క మామూలు కూడికల్లా నడవదు. ఒక డెసిబెల్ పెరిగిందంటే పవర్ సుమారు 26 శాతం పెరిగినట్టు. 3 డెసిబెల్స్ పెరిగితే రెట్టింపు. 10 పెరిగితే పదింతలు. అయితే ఆ పదింతల పవర్ మన చెవికి ‘రెండింతలు గట్టిగా ఉంది’ అనిపిస్తుంది, అంతే. 50 వాట్ల యాంప్లిఫయర్ తీసేసి 100 వాట్లది పెడితే వీధి అదిరిపోతుందని ఆశపడి డబ్బు పోసినవాళ్లు నిరాశపడేది ఇందుకే. వాళ్లకు దక్కింది 3 డెసిబెల్స్.

అసలు తిరకాసు చిన్న తేడాల దగ్గరుంది. రెండు స్పీకర్ల మధ్య అర డెసిబెల్ తేడా ఉంటే ‘ఇది గట్టిగా ఉంది’ అని ఎవరూ అనరు. ‘ఇది క్లియర్‌గా ఉంది’, ‘దీంట్లో గొంతు బాగా విడిగా వినిపిస్తోంది’ అంటారు. సౌండు తేడాను చెవి నాణ్యత తేడాగా లెక్కవేసుకుంటుంది. షోరూములో రెండు సౌండ్‌బార్లు పక్కపక్కన పెట్టి, అమ్ముకోవాలనుకున్న దాని సౌండు కాస్త పెంచి ఉంచితే చాలు, కొనేవాళ్ల చెయ్యి అటే వెళుతుంది. అందుకే పద్ధతిగా జరిపే శ్రవణ పరీక్షల్లో మొదట చేసే పని, పోల్చే రెండింటి సౌండునూ మీటరు పెట్టి 0.1 డెసిబెల్ తేడాలోకి తేవడం. తరువాత తెర కట్టేస్తారు. ఏది మోగుతోందో వినేవాళ్లకు తెలియదు, వినిపించేవాళ్లకూ తెలియదు. ధ్వని పరిశోధకులు ఫ్లాయిడ్ టూల్, షాన్ ఆలివ్ 1994లో ప్రచురించిన ప్రయోగంలో ఒకే మనుషులు అవే స్పీకర్లకు చూస్తూ విన్నప్పుడు ఒకలా, చూడకుండా విన్నప్పుడు ఇంకోలా మార్కులు వేశారు. సైజూ పేరూ ధరా కనబడితే చెవి వాటి మాట వింటుంది.

ఇక్కడ ఇంకో సంగతి ఉంది. మీరూ మీ తమ్ముడూ ఒకే మోడల్ బడ్స్ కొన్నారనుకోండి. అతనివి మీ వాటికంటే ఒక డెసిబెల్ గట్టిగా ఉన్నా జన్మలో ఎవరికీ తెలియదు. అదే ఒక్క డెసిబెల్ మీ ఎడమ బడ్‌కూ కుడి బడ్‌కూ మధ్య ఉంటే? గాయని గొంతు నడినెత్తిన ఉండాల్సింది కాస్త పక్కకు ఒరుగుతుంది. శబ్దం ఎటునుంచి వస్తోందో తేల్చుకోవడానికి మెదడు వాడే ఆధారాల్లో రెండు చెవుల మధ్య సౌండు తేడా ఒకటి. ఆ తేడా ఒక డెసిబెల్, ఒక్కోసారి అంతకంటే తక్కువైనా పసిగడుతుంది. కాబట్టి మంచి ఫ్యాక్టరీలో రెండు గీతలుంటాయి. మొత్తం సౌండు ఎంత అటూ ఇటూ ఉండొచ్చన్నది ఒకటి, అది కాస్త వెడల్పు. ఎడమ కుడి మధ్య ఎంత తేడా ఉండొచ్చన్నది రెండోది, అది బాగా ఇరుకు.

మూత పడగానే ‘ఉయ్య్’

అసెంబ్లీ లైన్ చివర టేబుల్ మీద చెప్పుల డబ్బా అంత ఇనుప పెట్టె ఉంటుంది. లోపలంతా స్పాంజి. మధ్యలో చిన్న లోహపు గుంట, దాని అడుగున మైక్రోఫోన్. అది కృత్రిమ చెవి. మన చెవి రంధ్రంలో ఉండే గాలి ఎంతో, ఆ గుంటలోనూ దాదాపు అంతే గాలి ఉండేలా చేస్తారు. ఆపరేటరు బడ్‌ను ఆ గుంట మీద కూర్చోబెట్టి మూత దించుతుంది. మూత పడగానే లోపల ‘ఉయ్య్’ అంటూ ఒక కూత. 20 హెర్ట్జ్ గుర్రు దగ్గర మొదలై 20,000 హెర్ట్జ్ దాకా, ఒకటి రెండు సెకన్లలో పైకి పాకేస్తుంది. స్క్రీన్ మీద ఒక వంకర గీత పడుతుంది. దానికి పైన ఒక హద్దు గీత, కింద ఒక హద్దు గీత. మధ్యలో ఉంటే పచ్చ, ఎక్కడ గీత దాటినా ఎరుపు. ఆపరేటరు ఏమీ వినదు. వినాల్సిన అవసరం లేదు. చెయ్యి అప్పటికే తరువాతి పీసు మీద ఉంటుంది.

ఆ కూత సౌండుతో పాటు ఇంకొన్ని సంగతులు పట్టిస్తుంది. డయాఫ్రమ్ మీద ఒలికిన జిగురు చుక్క, అయస్కాంతం సందులో ఇరుక్కున్న లోహపు రజను, పక్కకు ఒరిగి రాసుకుంటున్న కాయిల్. ఇవన్నీ ఉండకూడని చోట సన్నటి గరగర పుట్టిస్తాయి. దీన్ని లైన్ మీద ‘రబ్ అండ్ బజ్’ అంటారు. జర్మనీలోని డ్రెస్డెన్‌కు చెందిన క్లిప్పెల్, అమెరికాలోని ఆడియో ప్రెసిషన్ వంటి సంస్థల పరికరాలు ఈ పనికి పేరుపొందాయి.

మరి ఆ పెట్టె నిజం చెబుతోందని ఎవరు చెప్పాలి? దానికో చిన్న గొట్టం లాంటి క్యాలిబ్రేటర్ ఉంటుంది. మైక్రోఫోన్ మీద తొడిగితే 1000 హెర్ట్జ్ దగ్గర కచ్చితంగా 94 డెసిబెల్స్ మోగుతుంది. గాలి ఒత్తిడిలో అది ఒక పాస్కల్. మీటరు 94 చూపిస్తే సరే. 93.4 చూపిస్తే పీసుల్లో ఏ లోపమూ లేకపోయినా అన్నీ 0.6 తక్కువ మోగుతున్నట్టు లెక్క వస్తుంది. దీనికి తోడు ప్రతి లైన్ దగ్గరా ఒక ‘గోల్డెన్ శాంపిల్’ దాచి ఉంచుతారు. బాగా పరీక్షించి, ఇలా ఉండాలి అని ఖాయం చేసుకున్న పీసు అది. పని మొదలుపెట్టేముందు దాన్ని పెట్టె మీద కూర్చోబెట్టి, నిన్న వచ్చిన గీతే నేడూ వస్తోందా అని చూస్తారు. రబ్బరు రింగు అరిగి సందులోంచి గాలి జారిపోతే బేస్ పడిపోతుంది. వానాకాలపు తేమకూ, ఏసీ చల్లదనానికీ డయాఫ్రమ్ స్పందిస్తుంది. గోల్డెన్ శాంపిల్ కూడా వాడగా వాడగా అలసిపోతుంది. ఇవేవీ గమనించని చోట రెండో లైన్ పెట్టెకూ మూడో లైన్ పెట్టెకూ మధ్యే అర డెసిబెల్, డెసిబెల్ తేడా వచ్చేస్తుంది. ‘మా ప్రతి పీసూ పరీక్షించి పంపాం’ అన్న మాట అప్పుడు నిజమే అయినా, కొన్నవాళ్లకు ఒరిగేదేమీ ఉండదు.

హద్దు గీతలు యంత్రం గీయదు, మేనేజర్లు గీస్తారు. వాటిని దగ్గరికి జరిపితే పక్కన రిజెక్ట్ ట్రేలు నిండుతాయి, ఖర్చు పెరుగుతుంది. దూరం జరిపితే అటూ ఇటూగా ఉన్న పీసులన్నీ మన ఇళ్లకు చేరతాయి. కొందరు మధ్యే మార్గం పాటిస్తారు. స్పీకర్లను సౌండును బట్టి వేరుచేసి, దగ్గర దగ్గరగా ఉన్న రెండింటిని జత కలుపుతారు. వైర్‌లెస్ బడ్స్‌లో ఇంకా తేలిక. తక్కువ మోగే బడ్ మెమరీలో ‘నువ్వు 0.8 డెసిబెల్ పెంచుకో’ అని ఒక అంకె రాసేస్తారు. ఫోన్ స్పీకర్లలోనూ ఇలాంటిదే జరుగుతుంది. చాలా ఫోన్లలో ఉండే స్మార్ట్ యాంప్లిఫయర్ స్పీకర్ కాయిల్ ఎంత వేడెక్కింది, ఎంత ఊగుతోంది అని క్షణక్షణం అంచనా వేస్తూ, కాలిపోయే అంచు దాకా సౌండును తోలుతుంది. ఆ అంచనాకు కావాల్సిన కాయిల్ నిరోధం విలువను ఫ్యాక్టరీలోనే కొలిచి ఫోన్‌లో భద్రపరుస్తారు. సందు చివర షాపులో నకిలీ స్పీకరు వేయించాక ‘మునుపటి సౌండు లేదు’ అనిపిస్తే ఒక కారణం ఇదీ కావచ్చు. కొత్త స్పీకరు, పాత లెక్క.

ఇదంతా ఎక్కడో చైనాలోని షెన్‌జెన్ వ్యవహారం అనుకోనక్కర్లేదు. 2015లో శ్రీసిటీలో ఫాక్స్‌కాన్ చేతుల మీదుగా షావోమీ ఫోన్లు రావడం మొదలైంది. తిరుపతిలో డిక్సన్ టీవీలు తయారుచేస్తోంది. రంగారెడ్డి జిల్లా కొంగర కలాన్‌లో 2023 మేలో పునాదిరాయి పడిన ఫాక్స్‌కాన్ ప్లాంటు ఎయిర్‌పాడ్స్ కోసం కట్టింది. అంతకు ఎంతో ముందే హైదరాబాద్ ఈసీఐఎల్ ‘ఈసీ టీవీ’లను దేశమంతటికీ అమ్మింది. ప్రపంచం చెవిలో పెట్టుకునే సౌండుకు పచ్చా ఎరుపూ తేల్చే పని మన ఊళ్ల పిల్లల చేతికి వచ్చింది. ఈ కొలతల గురించి మనం పట్టించుకోవడానికి ఇదొక అదనపు కారణం.

కోఠిలో ఒక నాబ్

అంత హంగూ లేని చోట కూడా ఈ తేడాను కళ్లారా చూడొచ్చు. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీ చుట్టుపక్కల స్పేర్ పార్టుల కొట్లలో, పాత యాంప్లిఫయర్ విప్పి కూర్చున్న మెకానిక్ దగ్గర కాసేపు నిలబడండి. వాల్యూమ్ నాబ్ సున్నా నుంచి మెల్లగా తిప్పుతాడు. ముందు ఎడమ స్పీకరు పలుకుతుంది. ఇంకో వెంట్రుకవాసి తిప్పాక కుడిది నిద్రలేస్తుంది. సగం దాకా తిప్పేసరికి రెండూ సమానం.

ఆ నాబ్ కింద గుర్రపునాడా ఆకారంలో రెండు కార్బన్ పట్టీలుంటాయి, ఒకటి ఎడమకు, ఒకటి కుడికి. ఒకే ఇరుసు మీద రెండూ తిరుగుతాయి. ఆ కార్బన్ పూత రెండింటి మీదా అచ్చం ఒకేలా పడదు. సాధారణ రకాల డేటాషీట్లలో రెండు పట్టీల మధ్య 3 డెసిబెల్స్ దాకా తేడా ఒప్పుకోదగినదే అని రాసి ఉంటుంది. చిన్న సౌండు దగ్గర ఆ తేడా బాగా బయటపడుతుంది. ఇంకొంచెం చవక సెట్లలో చెవి లెక్కకు సరిపోయే ‘లాగ్’ రకం బదులు మామూలు రకం వేసేస్తారు. అప్పుడు సౌండంతా మొదటి పావు తిప్పులోనే వచ్చేసి, మిగతా ముప్పావు ఉత్తుత్తిగా తిరుగుతుంది. గరగర వస్తే మెకానిక్ లోపల క్లీనర్ చల్లి నాలుగుసార్లు అటూ ఇటూ తిప్పి సరిచేస్తాడు. తేడాను మాత్రం చల్లుడు సరిచేయలేదు. ఇంకో నాబ్ వేయాల్సిందే.

రెసిస్టర్ల సంగతీ అంతే. 5 శాతం అటూ ఇటూ ఉండొచ్చని అమ్మే రెండు రెసిస్టర్లతో ఒక ఛానెల్ సౌండు నిర్ణయిస్తే, ఒకటి అయిదు శాతం పైకీ ఇంకోటి అయిదు శాతం కిందికీ పోయిన రోజున దాదాపు 0.9 డెసిబెల్ జారిపోతుంది. 1 శాతం రకం వేస్తే అదే ప్రమాదం 0.2 లోపలే ఆగుతుంది. ఈ రెండు రకాల మధ్య ధర తేడా పైసల్లో ఉంటుంది. ఇలాంటి చోట పైసలు మిగుల్చుకున్న డిజైనర్‌ను నేను సమర్థించలేను.

నాబులు పోయి బటన్లు వచ్చాక కొత్త చిక్కులు వచ్చాయి. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో పాటల సౌండుకు 15 మెట్లు. బ్లూటూత్ ‘అబ్సల్యూట్ వాల్యూమ్’ పద్ధతిలో ఫోన్ నుంచి బడ్స్‌కి వెళ్లే అంకె 0 నుంచి 127 దాకా ఉంటుంది. ఈ 15ను ఆ 127 మీద పరిచి, అక్కడి నుంచి డెసిబెల్స్‌లోకి మార్చేది ఎవరికి తోచిన పట్టిక వాళ్లది. అర్ధరాత్రి పక్కన పిల్లలు పడుకున్నాక ఒకటో మెట్టే గట్టిగా మోగడం, సున్నాకూ ఒకటికీ మధ్య ఏమీ లేకపోవడం ఆ పట్టిక తప్పే. అమీర్‌పేటలో టెస్టింగ్ కోర్సు చేసి కొలువుల్లో స్థిరపడినవాళ్లు మనలో వేలల్లో ఉన్నారు. వాళ్లకు ఇది ఇట్టే అర్థమవుతుంది. ‘ప్లస్ నొక్కితే సౌండు పెరగాలి’ అని టెస్ట్ కేసు రాస్తే ఆ ఫోన్ పాసైపోతుంది. ‘ప్రతి మెట్టుకూ ఇన్ని డెసిబెల్స్ పెరగాలి, అప్‌డేట్ తరువాత కూడా అంతే పెరగాలి’ అని రాస్తేనే అసలు లోపం దొరుకుతుంది. అప్‌డేట్ చేశాక సౌండు తగ్గిందని జనం మొత్తుకుంటున్నారంటే, ఆ రెండో వాక్యం ఎవరో రాయలేదన్నమాట.

డబ్బా మీద అబద్ధం

టేప్‌రికార్డర్లు, కంప్యూటర్ స్పీకర్లు, హోమ్ థియేటర్ల డబ్బాల మీద ‘2000 వాట్స్ పీఎంపీఓ’ అని మెరిసే అక్షరాలు చూడని ఇల్లు మన దగ్గర తక్కువ. పీక్ మ్యూజిక్ పవర్ ఔట్‌పుట్ అన్న ఆ కొలతకు ఒప్పుకున్న నిర్వచనమంటూ లేదు. ఎవరికి తోచింది వాళ్లు గుణించుకుని వేసుకున్నారు. అదే సెట్టు వెనక్కి తిప్పి చూడండి. చిన్న అక్షరాల్లో కరెంటు ఎంత తీసుకుంటుందో రాసి ఉంటుంది. గోడలోంచి 40 వాట్లు తీసుకునే వస్తువు పాట పొడుగునా 2000 వాట్లు ఇవ్వగలిగితే మనకు విద్యుత్ కేంద్రాలే అక్కర్లేదు. ఇలాంటి మోసాలు చూసే అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1974లోనే యాంప్లిఫయర్ నిబంధన తెచ్చింది. నిలకడగా ఎంత పవర్ ఇస్తుందో, ఏ షరతుల్లో కొలిచారో చెప్పాలంది. 2024లో దాన్ని ఇంకా బిగించింది.

మన దగ్గర బీఐఎస్ తప్పనిసరి రిజిస్ట్రేషన్ ఉంది. అది చూసేది భద్రత. షాక్ కొట్టకూడదు, మంట అంటుకోకూడదు. అది చాలా అవసరం, దాన్ని తక్కువ చేయడం లేదు. అయితే ఆ ముద్ర చూసి సౌండుకు కూడా పూచీ ఉందనుకుంటే పొరపాటు.

టీవీ ప్రకటనల సంగతి చూడండి. ప్రకటన అతిగా గట్టిగా ఉండకూడదని మన కేబుల్ టీవీ నిబంధనలు 1994 నుంచీ చెబుతున్నాయి. ఆ వాక్యంలో అంకె లేదు. అతిగా అంటే ఎంత? అమెరికా 2010లో చేసిన కామ్ చట్టం, 2012 డిసెంబర్ నుంచి ప్రకటన సగటు సౌండు కార్యక్రమంతో సమానంగా ఉండాలని కొలతతో సహా చెప్పింది. ఐరోపా ప్రసార సంస్థలు 2010లో మైనస్ 23 (అంటే డిజిటల్ గరిష్ఠ హద్దుకు సగటు సౌండు 23 డెసిబెల్స్ కింద) అనే లక్ష్యాన్ని పెట్టుకున్నాయి. నెట్‌ఫ్లిక్స్ సంభాషణల సగటు మైనస్ 27 దగ్గర ఉండాలంటుంది. మ్యూజిక్ యాప్‌లలో స్పాటిఫై మామూలుగా మైనస్ 14కు సర్దుతుంది. ఒకే టీవీలో సినిమా చూసి పాటల యాప్‌కి మారగానే అమ్మమ్మ ఉలిక్కిపడి రిమోట్ వెతుక్కోవడానికి కారణం ఆ పదమూడు డెసిబెల్స్ అంతరం. టీవీ బాగానే ఉంది, లోపలికి వచ్చేదే వేరు.

3 డెసిబెల్స్ విలువ ఎంత?

పాట రుచి మాట పక్కన పెడదాం. ఇప్పుడు చెప్పబోయేది అంతకంటే పెద్దది.

ఫ్రాన్స్ 1996లోనే చేత పట్టుకుని తిరిగే మ్యూజిక్ ప్లేయర్ల సౌండుకు 100 డెసిబెల్స్ హద్దు పెట్టింది. 2002లో ఆపిల్ ఐపాడ్ ఆ హద్దు దాటుతోందని తేలడంతో కొంతకాలం అక్కడి షాపుల్లో అమ్మకం ఆగింది. సాఫ్ట్‌వేర్ మార్చి సౌండు తగ్గించాక మళ్లీ వచ్చింది. తమ ఐపాడ్ అమెరికా ఐపాడ్ కంటే తక్కువ సౌండుతో పాడుతోందని ఐరోపా వాళ్లు చాలాకాలం ఫిర్యాదు చేశారు. ఆ తేడా లోపం కాదు, చట్టం.

ఐరోపా ప్రమాణం ఈఎన్ 50332 దీన్ని తెలివిగా పంచింది. ప్లేయరు గరిష్ఠంగా 150 మిల్లీవోల్టులు మించకూడదు. హెడ్‌ఫోన్‌లో 94 డెసిబెల్స్ రావాలంటే కనీసం 75 మిల్లీవోల్టులు పట్టాలి. వోల్టేజి రెట్టింపైతే పెరిగేది 6 డెసిబెల్స్. 94కు 6 కలిపితే 100. ఎవరి ప్లేయరుకు ఎవరి హెడ్‌ఫోన్ తగిలించినా హద్దు దాటదు. తీగ ఉన్న రోజులకు చక్కగా సరిపోయిన లెక్క ఇది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం కలిసి తెచ్చిన సురక్షిత శ్రవణ ప్రమాణం హెచ్.870 ఇంకో అడుగు ముందుకు వేసింది. పెద్దలకు 80 డెసిబెల్స్ చొప్పున వారానికి 40 గంటలు, పిల్లలకు 75 చొప్పున 40 గంటలు. ప్రతి 3 డెసిబెల్స్‌కూ శబ్ద శక్తి రెట్టింపవుతుంది కాబట్టి సమయం సగమవుతుంది. పెద్దలకైతే 83 దగ్గర 20 గంటలు. 86 దగ్గర 10. 89 దగ్గర 5 గంటలే. నూరు కోట్ల మందికి పైగా యువతకు అతి సౌండు అలవాటు వల్ల వినికిడి ముప్పు ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థే హెచ్చరిస్తోంది.

ఇప్పుడు ఫ్యాక్టరీలో ఆ రెండు హద్దు గీతల దగ్గరికి మళ్లీ రండి. పైకి 3, కిందికి 3 డెసిబెల్స్ వదిలిన లైన్‌లోంచి వచ్చిన రెండు పీసులు ఇద్దరు డిగ్రీ విద్యార్థుల చేతికి వెళ్లాయనుకోండి. ఇద్దరూ పదో మెట్టు మీదే ఆన్‌లైన్ క్లాసులు వింటారు. ఒకరి చెవిలో 80, ఇంకొకరి చెవిలో 86. ఒకరికి వారానికి 40 గంటలు సురక్షితం, ఇంకొకరికి 10 గంటలు. ఇద్దరి డబ్బాల మీదా ఒకటే ముద్ర. ఫోన్లలో వచ్చే ‘మీరు ఈ వారం ఎక్కువ విన్నారు’ అన్న హెచ్చరిక కూడా హెడ్‌ఫోన్ ఎంత సౌండిస్తుందో తెలిస్తేనే సరిగ్గా లెక్క వేయగలదు. తెలియని హెడ్‌ఫోన్ తగిలిస్తే అది అంచనా మాత్రమే. 3 డెసిబెల్స్ అంటే పాటకు పెద్ద తేడా ఏముందిలే అనే ఇంజినీరు ఈ లెక్క ఒకసారి కూర్చుని వేయాలి.

నేను కోరేది పెద్దదేమీ కాదు. మందుల సీసా మీద మోతాదు రాసినట్టు, ప్రతి ఇయర్‌ఫోన్ డబ్బా మీద గరిష్ఠ సౌండు ఎన్ని డెసిబెల్సో, పీసుకూ పీసుకూ ఎంత తేడా ఒప్పుకున్నారో, ఎడమ కుడి మధ్య హద్దు ఎంతో మూడు అంకెలు రాయాలి. సర్వీస్ సెంటర్ టేబుల్ మీద ఒక కృత్రిమ చెవి ఉండాలి. ఫ్యాక్టరీలో కొలిచినప్పుడు వచ్చిన గీత సీరియల్ నంబరు కొడితే అక్కడ కనబడాలి. పిల్లల హెడ్‌ఫోన్లకైతే ఇది చట్టంగా రావాలి.

అంతవరకూ ఇంట్లోనే కొంత తేల్చుకోవచ్చు. ఒక చెవిలో తక్కువ అనిపిస్తే ముందు ఫోన్ సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీకి వెళ్లి ఎడమ కుడి బ్యాలెన్స్ గీత మధ్యలో ఉందో లేదో చూడండి. వేలు తగిలి పక్కకు జరగడం చాలా మామూలు. తరువాత బడ్ జాలీ వెలుతురులో పెట్టి చూడండి. గుబిలి పట్టిన జాలీ సౌండును ఇట్టే మింగేస్తుంది. పొడి మెత్తటి బ్రష్షు చాలు, నీళ్లు తగలనీయొద్దు. రబ్బరు టిప్పు సైజు మార్చి చూడండి. సందు మిగిలితే ముందు పోయేది బేస్. సౌండ్ పరీక్షకు స్టీరియో పాట పనికిరాదు, వాయిద్యాలను అటూ ఇటూ పంచేసి ఉంటారు. ఫోన్‌లో ‘మోనో’ ఆన్ చేసి, ఒక్కరు మాట్లాడే వార్తలు పెట్టండి.

ఇవన్నీ అయ్యాక చివరిది. పెద్ద హెడ్‌ఫోన్ అయితే తిప్పి పెట్టుకోండి, కుడి కప్పు ఎడమ చెవికి. తక్కువ వినిపించే వైపు కూడా మారిందా, లోపం వస్తువులో ఉంది. బిల్లు తీసుకుని వెళ్లండి, బాగానే వస్తోందంటే ఇదే పరీక్ష వాళ్ల ముందే చేసి చూపించండి. హెడ్‌ఫోన్ తిప్పినా తక్కువ అదే చెవిలో ఉంటే సర్వీస్ సెంటర్‌కి వెళ్లే పని లేదు, ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. గుబిలి అడ్డుపడి ఉంటే అయిదు నిమిషాల్లో తీసి పంపిస్తారు. నిన్నటిదాకా బాగుండి ఉన్నట్టుండి ఒక చెవి మందగిస్తే మాత్రం అది అత్యవసరం. లోపలి నరానికి దెబ్బ తగిలి ఉంటే స్టెరాయిడ్ చికిత్స మొదటి రోజుల్లోనే, ఆలస్యమైనా రెండు వారాల లోపే మొదలవ్వాలి. సోమవారం చూద్దాంలే అనుకోకుండా, ఆ రోజే వెళ్లండి.